నాలుగు టైర్లు, నాలుగు దారాలు

మా ఊరి ఆడబిడ్డను చేసుకున్నవాడు మా ఊరంతటికీ అల్లుడే. ఏ కులంవాడైనా సరే. వస్తే మంచం వాల్చాలి, నీళ్లివ్వాలి, చేసిపెట్టిన పనికి పైసలు పుచ్చుకోగూడదు. కుమ్మరోళ్ల అల్లుడికి మా నాయిన చెప్పులు కుట్టి ఊరికే ఇచ్చాడు. ఆ కుమ్మరోళ్లు మా ఇంటి అల్లుడికి కొత్త కుండలు ఊరికే ఇచ్చారు. మంగలాయన ఏ ఇంటి అల్లుడికైనా గడ్డం గీసి, "మా పిల్లను మంచిగ చూసుకో, గదే నాకు కూలి" అనేవాడు. ఈ మర్యాద మంచిదేనని ఇప్పటికీ అంటాను. కానీ దానివల్లనే ఒక మనిషి బతుకుతోవ మూసుకుపోయింది. అది నా షెడ్డుకు కూతవేటు దూరంలోనే జరిగింది, నాకు తెలియలేదు.

మాది దేవరకొండ దిక్కు ఊరు. చిన్నతనంలోనే లారీ మీద క్లీనరుగా పోయాను. తర్వాత డ్రైవరునయ్యాను. నడుము చెడినాక పానా పట్టి, కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్నాను. షెడ్డు వెనక గల్లీ నేతగాళ్లది. ఆ గల్లీకి మా ఊరి నేతగాళ్ల పిల్ల కోడలుగా వచ్చింది. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఆమె పెనిమిటి నాకు బావ. నేను అతనికి బావ.

బావ ఏడో తరగతి దాకా చదివాడు. నేను బడి మొహం చూడలేదు. నలభై దాటినాక అతని దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాను. అతడు గుంట మగ్గంలో కాళ్లు దింపుకుని నేస్తుంటే, నేను గుంట అంచున కూర్చుని నేల బండ మీద సుద్దతో రాసేవాణ్ణి. చేతులు ఆపకుండానే తల వంచి చూసి తప్పు చెప్పేవాడు.

"బావా, గది 'ణ' నా, పండుకున్న బర్రెనా?"

"నీకు చదవనీకె వచ్చిందా, లేదా?"

"వచ్చింది. బర్రె అని చదివిన."

అట్లా నవ్వుకుంటూనే ఒక చలికాలం గడిచేసరికి నేను బస్సు బోర్డులు చదివే మనిషినయ్యాను. బదులుకు అతనికి నా పాత జీపు మీద డ్రైవింగు నేర్పాను. నేర్చుకునేటప్పుడు గేరు మార్చే ముందు ప్రతిసారీ దండం పెట్టేవాడు. "దేవుడు క్లచ్చు తొక్కడు, నువ్వే తొక్కాలె" అని తిట్టేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొత్తలో బావకు మోకాళ్లు పట్టుకున్నాయి. గుంటలోకి దిగితే ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. చెల్లె నేత మానలేదు. బావ ఉన్నదంతా ఊడ్చి, హైదరాబాదులో ఒక డాక్టరు వాడుకుని అమ్మిన పెద్ద కారు కొన్నాడు. మామూలు కారు కాదు. మామూలు కార్లో రెండు చక్రాలే బండిని లాగుతాయి, మిగతా రెండూ వాటి వెంట దొర్లుతాయి. ఇందులో అవసరం పడితే నాలుగూ లాగుతాయి. ముందు చక్రాలు జారితే బండి తనంతట తానే తెలుసుకుని వెనక చక్రాలకు బలం పంపుతుంది.

దండ వేసి, షెడ్డు ముందుకు తెచ్చి చూపించాడు.

"ఏనుగును కొన్నవ్ బావా. మేత ఎక్కడిది?" అన్నాను.

"మేత గుట్టల్ల ఉన్నది."

నిజంగానే ఉంది. అమ్రాబాదు అవతల అడవిలో చెంచుల పెంటలున్నాయి. నాలుగైదు గుడిసెలుంటే అది ఒక పెంట. వాటికి మందులూ నర్సులనూ పంపే ఆఫీసు ఒకటి కిరాయి బండి కోసం చూస్తోంది. ఎండాకాలం ఎవరైనా పోతారు. వానలు పడ్డాయంటే మొరం గుట్టలు కిందికి జారుతుంటాయి, వాగు దాటేచోట మోకాలు లోతు బురద. మామూలు బండ్లు సగం తోవలో మళ్లేవి. బావ బండి మళ్లలేదు. దాంతో ఏడాది పొడుగునా కిరాయి అతనికే ఇచ్చారు.

ఆ కిరాయి ఉన్నన్నాళ్లే ఇల్లు నడుస్తుంది. అది పోతే ఏం చేయాలో ఆ గల్లీలో అందరికీ తెలుసు. జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీ గేటు ముందు నీలం అంగీ వేసుకుని నిలబడాలి. మగ్గం దిగినవాళ్లు కొందరు అప్పటికే నిలబడుతున్నారు. బావకు ఆ నీలం అంగీ అంటే భయం. "నేసినోణ్ని, నడిపినోణ్ని. ఎవడన్న వస్తే లేసుడు, పోతే కూసునుడు, గా పని నాతోని కాదు" అనేవాడు.

ఒకసారి నేనూ ఆ బండిలో గుట్ట ఎక్కాను. ముందు రాత్రి వాన పడింది. చెప్పులతో నడిస్తేనే కాలు జారే చోట ముందు చక్రాలు ఒక్క క్షణం ఊరికే తిరిగాయి. అంతలోనే వెనక నుంచి ఎవరో భుజం పెట్టి నెట్టినట్టు బండి పైకి లేచింది. నా జీపులో అయితే ఆపి, నాలుగు చక్రాలను కలిపే కడ్డీ లాగి, తిట్టుకుని, మళ్లీ ఎక్కించాలి. బావ నా దిక్కు చూడకుండానే, "ఏనుగు ఎట్లున్నది బావా?" అన్నాడు.

"ఏనుగు మంచిదే. మావటివాడే జర ఎక్కువ మాట్లాడుతాండు."

ఆ తర్వాత బావ రోజూ షెడ్డుకు వచ్చి చాయ తాగేవాడు కానీ బండిని రోడ్డు అవతల వేపచెట్టు కింద నిలిపి వచ్చేవాడు. ఎండకు అనుకున్నాను. చాయ తాగేటప్పుడు నా దగ్గర పని చేయించుకునేవాళ్ల బండ్ల దిక్కు చూస్తూ ఉండేవాడు. దేనికి ఏం మార్చావని అడిగేవాడు. బండి పని మీద మనసు పడింది కాబోలు అనుకున్నాను. జడ్చర్లలో అతని బండిని ఒక షెడ్డులో చూశామని ఎవరో అన్నారు. నల్గొండలో చూశామని ఇంకొకరు అన్నారు. తిరిగే బండి, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నేను పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం చెల్లె వచ్చింది. మగ్గం మీదినుంచి లేచి వచ్చినట్టుంది, కొంగుకు దూది అంటుకుని ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, మీ బావ బండి మూలుగుతాంది. రెండు వానకాలాల సంది మూలుగుతాంది. నీ దగ్గరికి తేడు. నువ్వే పోయి చూడు."

"ఎందుకు తేడు? నేనేమన్న కరుస్తనా?"

"నువ్వు పైసలు తీసుకోవాయె. ఒక్కసారి వస్తే మర్యాద, నెలనెల వస్తే అడుక్కున్నట్టు ఉండదా అంటడు. పైసలు తీసుకోని మెకానిక్ కన్న మోసం చేసే మెకానిక్ నయమట ఆయనకు."

చేతిలోని పానా బల్ల మీద పెట్టాను.

"ఊరూరి మెకానిక్‌ల దగ్గర తిరిగొచ్చిండు. వానలు దగ్గరికొచ్చినయి. పోయినేడు చివరి వానకు గుట్ట మీద ఆగిపోయిందట. నర్సులు దిగి నెట్టిండ్రట. ఆఫీసుల ఇంకెవరికీ చెప్పకుండ్రి అని దండం పెట్టిండట." అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన మనిషి, అక్కడికి వచ్చేసరికి కొంగు దూది గిల్లుకుంటూ నిలబడింది.

ఆదివారం వ్యవసాయ మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది. నేలంతా సిమెంటు. బండిని అక్కడికి తెమ్మని కబురు పెట్టాను. తెచ్చాడు. దిగకుండా స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు.

"నీ చెల్లె చెప్పిందా?"

"చెప్పకపోతే నాకు కలల వచ్చిందా? స్టీరింగు మొత్తం తిప్పి, మెల్లగ గుండ్రంగ తిరుగు."

తిరిగాడు. నేను పక్కన నడిచాను. గుంజకు కట్టిన దూడలాగా బండి గుంజుకుంటూ తిరిగింది. ఎవరో బ్రేకు పట్టి, వదిలి, మళ్లీ పట్టినట్టు ఉంది. సిమెంటు మీద టైర్లు కీచుమన్నాయి. తిన్నగా పోనిమ్మంటే తిన్నగానే పోయింది. మలుపు తిప్పితే చాలు, మళ్లీ అదే గుంజుడు.

"ఎవరెవరు ఏమేం చేసిండ్రు, దాచకుంట చెప్పు."

"జడ్చర్లల చక్రం బేరింగు మార్చిండ్రు. తగ్గినట్టనిపించింది."

"తగ్గిందా, తగ్గినట్టనిపించిందా?"

"పైసలిచ్చినంక తగ్గినట్టే అనిపిస్తది గద బావా. నల్గొండల స్టీరింగు విప్పిండ్రు. హైదరాబాదుల కంప్యూటరు పెట్టి చూసిండ్రు. చక్రాల వేగం కలుస్తలేదు, సెన్సార్ పోయింది అన్నరు. అది మార్చిండ్రు. మీటరు మీద దీపం ఆరింది. నెలకు మళ్ల వెలిగింది."

వాళ్లను నేను తప్పు పట్టను. ఒకరు చప్పుడు విన్నారు, ఒకరు కంప్యూటరు చెప్పింది చదివారు. ఒక్కొక్కరి దగ్గరికి ఒక్కొక్కసారి పోయాడు, ఎవరి దగ్గరికీ రెండోసారి పోలేదు. రోగి దవాఖాన మార్చినప్పుడల్లా మొదటి నుంచి మొదలైనట్టే, ఈ బండి కథ కూడా ప్రతి షెడ్డులో మొదటి నుంచి మొదలైంది.

యార్డు మూలన ఎవరో గోడ కట్టడానికి పోయించిన ఇసుక కుప్ప ఉంది. ముందు చక్రాలు దాని మీదికి ఎక్కించి మెల్లగా ఆక్సిలరేటరు తొక్కమన్నాను. ముందు చక్రాలు ఇసుకను వెనక్కి చిమ్ముతూ తిరిగాయి. వెనకవి గట్టినేల మీదే ఉన్నాయి, కదలలేదు. ఆ రోజు గుట్ట మీద భుజం పెట్టిన చక్రాలు ఇవేనా అనిపించింది.

అక్కడ నాకు అర్థం కాలేదు. అవసరం లేనిచోట, మలుపులో, వెనక చక్రాలు వదలకుండా పట్టుకుంటున్నాయి. అవసరం ఉన్నచోట రానే రావడం లేదు. ఒకే రోగానికి రెండు ఎదురు లక్షణాలు. నేను పాత జీపుల మనిషిని. అందులో కడ్డీ లాగితే నాలుగు చక్రాలు, వదిలితే రెండు. ఇందులో కడ్డీ లేదు, బండే ఆలోచిస్తుంది. ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నాతో లారీ మీద తిరిగిన ఒకతని కొడుకు హైదరాబాదులో ఇట్లాంటి బండ్ల పనే చేస్తాడు. అతనికి ఫోను చేసి అంతా చెప్పాను.

"కాకా, ఏం విప్పకు," అన్నాడు. "ముందుగాల టైర్లు చూడు. నాలుగు ఒక్క తీరుగున్నయా?"

వంగి చూశాను. అప్పటిదాకా బండి కిందికి చూశాను, లోపలికి చూశాను, టైర్లను చూడలేదు. ఒకటి కొత్తది, రబ్బరు వెంట్రుకలు కూడా పోలేదు. ఒకటి సగం అరిగింది. ఒకటి గుండు. నాలుగోది వేరే కంపెనీది.

"గివేంది బావా, నాలుగు నాలుగు తీర్లున్నయి?"

"గుట్టల మీద రాళ్లకు చీరుకపోతయి గద. పోయినప్పుడల్ల కొత్తది ఏసిన."

"ఒక్కటే ఏసినవా?"

"పోయింది ఒక్కటైతే ఒక్కటే ఏస్త. పోగు తెగితే గా పోగును అతుకుతం గని, పడుగంత కోసి పారేస్తమా?"

మగ్గం మీద అది తప్పు కాదు. బతుకంతా తెగిన పోగును వెతికి, వేళ్ల మధ్య మెలిపెట్టి, అతుకు కనపడకుండా నేసిన మనిషి అతడు. మంచిగున్న మూడు టైర్లు తీసి పక్కన పడేయమంటే ఆ చేతులు ఎట్లా పడేస్తాయి? మామూలు కారైతే అది పెద్ద తప్పు కూడా కాదు.

కొలిచి చూద్దామన్నాను. టేపు షెడ్డులో ఉంది. బావ డిక్కీలోంచి నూలు కండె తీశాడు, చెల్లెకు తెస్తున్నది. ఒక్కో చక్రాన్ని జాకీ మీద లేపాము. బావ టైరు చుట్టూ దారం తిప్పి, కొస కలిసిన చోట గోటితో నొక్కి తెంపాడు. గట్టిగా లాగలేదు, వదులుగా వదలలేదు. నాలుగు దారాలనూ ఒక కొసన ముడివేసి, ముడి నా చేతికిచ్చి, రెండో కొసలు పట్టుకుని వెనక్కి నడిచాడు. దారాలు బిగిశాయి. కొసల దగ్గర అతని వేళ్లు నాలుగు చోట్ల ఆగాయి. పొడుగుదానికీ పొట్టిదానికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంది.

చాలాసేపు ఆ సందు దిక్కే చూశాడు.

"రెండు వేళ్లకేనా బావా?"

"పొడుగు కాళ్ల ఎద్దును, పొట్టి కాళ్ల ఎద్దును ఒక కాడికి కడితే ఏమైతది?"

"పొట్టిది ఎక్కువ అడుగులేయాలె."

"కాడి?"

"మెడ ఒరుస్తది," అన్నాడు మెల్లగా.

ఫోనులో అతను చెప్పిందీ అదే. ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలిపే పెట్టె ఒకటి వెనక, బండి కింద ఉంటుంది. అందులో ఒకదానికొకటి ఒత్తుకునే ప్లేట్లుంటాయి. బండి జారినప్పుడు అవి ఒత్తుకుని బలాన్ని వెనక్కి పంపుతాయి, లేనప్పుడు వదిలేస్తాయి. చిన్న టైరు ఎక్కువ చుట్లు తిరగాలి. అప్పుడు మంచి రోడ్డు మీద పోతున్నా బండి ఏదో చక్రం జారుతోందని అనుకుంటుంది. ప్లేట్లు ఒత్తుకుంటూనే ఉంటాయి, ఒరుసుకుంటూనే ఉంటాయి. నూనె మాడుతుంది. మాడిన ప్లేట్లు మలుపులో అతుక్కుంటాయి. వేడి మితిమీరితే బండి తనను తాను కాపాడుకోవడానికి ఆ పెట్టెను వదిలేసి దీపం వెలిగిస్తుంది. గుట్ట ఎక్కేసరికి పెట్టె ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. అందుకే అక్కడ వెనక చక్రాలు రాలేదు.

బండి కిందికి దూరి పెట్టె బోల్టు విప్పాను. కొత్త నూనె మంచినూనె తీరుగా ఉంటుంది. ఇది తారులా సాగుతూ కారింది, మాడిన వాసన. వేళ్ల మధ్య రుద్దితే బూడిదరంగు మెరుపు అంటుకుంది. అది నూనె కాదు, ప్లేట్లే. అరిగి అందులో కలిసిపోయాయి.

బావ కూడా వేలు ముంచి రుద్ది చూసుకున్నాడు. ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు.

"మొట్టమొదలు గుంజినప్పుడే నీ దగ్గరికి తెస్తే?"

ఓదార్చడానికి అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. "నాలుగు ఒక్క తీరు టైర్లు ఏసి, నూనె మార్చి పంపేటోణ్ని. పెట్టె బతికేది" అన్నాను.

తల ఊపాడు. వేలికంటిన నూనెను ఇసుకకు తుడుచుకుంటూ అన్నాడు, "నువ్వు పైసలు తీసుకునేటోనివైతే తెచ్చేటోణ్ని."

"తీసుకో అని నువ్వు గట్టిగ అంటే తీసుకునేటోణ్ని."

"ఊరల్లుణ్ని. నేనెట్ల అంట? నువ్వే అడగాలె."

"ఊరల్లుణ్ని నేనెట్ల అడుగుత?"

ఇద్దరం నవ్వాము. నవ్వొచ్చే సంగతి కాదు. రోజూ ఒకే బల్ల మీద కూర్చుని చాయ తాగినవాళ్లం. రోడ్డుకు ఆ దిక్కున బండి, ఈ దిక్కున నా పానాలు. మధ్యలో పది అంగల తారు. దాన్ని దాటకుండా ఆపింది కోపమో పగో అయితే ఎవరో ఒకరం దాటేవాళ్లం. కోపానికి హద్దుంటుంది, మర్యాదకు ఉండదు.

పెట్టె కొత్తది కొనే మాట అతని శక్తికి మించింది. పాత ఇనుము బజారులో వెతకమని హైదరాబాదు అతనికి చెప్పాను. నిజంగానే వెతికాడు. దొరికింది ఒక్కటే, విప్పి చూస్తే అందులోనూ ప్లేట్లు మాడి ఉన్నాయి. ఎక్కడి బండిదో, వాళ్లూ ఒక్కో టైరే మార్చుకున్నారేమో.

ఇక మిగిలిన తోవ ఒకటే. ఇంజను దగ్గరి నుంచి వెనక పెట్టెకు బలం మోసుకుపోయే పొడుగు షాఫ్టు తీసేయడం. అప్పుడు బండి ముందు చక్రాలతో మామూలు కారులా నడుస్తుంది.

"రోడ్డు మీద ఫికరు లేదు," అన్నాను.

"గుట్ట?"

"గుట్ట ఎక్కదు బావా."

"ఎక్కదని నువ్వంటవ్. అది అనాలె గద."

నాలుగు టైర్లూ ఒకే తీరువి తెచ్చి వేశాడు. అప్పుడు వేశాడు. షాఫ్టు ఇద్దరం కలిసి దించాము. యార్డులో గుండ్రంగా తిప్పి చూశాము. చప్పుడు లేదు, గుంజుడు లేదు. నీళ్లలో పడవలా తిరిగింది. బావ మొహంలో ఆశ కనిపించింది. నేను నేల చూపులు చూశాను.

తొలి వానలు పడిన వారంలో పెంటలకు మందులు పోవాలి. నేనూ వస్తానన్నాను. ముందు సీట్లో నేను, వెనక సీట్లో నర్సమ్మ, ఆమె పక్కన మందుల ఐసుపెట్టె. నర్సమ్మ ఆ బండిలో ఎన్నోసార్లు పోయిన మనిషి. "ఏందన్నా, ఇయ్యాల మెకానిక్‌ను ఎంబడి పెట్టుకొచ్చినవ్? బండికి పానం బాగలేదా?" అని అడిగింది. బావ, "మా బావకు అడవి చూడాలని ఉన్నదట" అన్నాడు.

వాగు దాటాము. అవతల గుట్ట మొదలయ్యేచోట మొరం తడిసి ఎర్రగా జారుతోంది. బావ వేగం తగ్గించకుండా ఎక్కించాడు. సగం దాకా పోయింది. ముందు చక్రాలు ఊరికే తిరగడం మొదలైంది. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక నుంచి భుజం పడుతుందేమోనని, పడదని తెలిసీ. బండి పక్కకు ఒరిగి, మెల్లగా వెనక్కి జారింది. బావ దించి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ జారింది. చక్రాల కింద రాళ్లు పెట్టాము, కొమ్మలు విరిచి వేశాము. టైర్ల నుంచి పొగలొచ్చాయి కానీ బండి రాలేదు.

"ఇగ చాలన్నా," అంది నర్సమ్మ. "ఐసు కరుగుతది. నేను నడుస్త."

పైనుంచి బండి చప్పుడు విని పెంటవాళ్లు ఇద్దరు దిగి వచ్చారు. ఐసుపెట్టెను ఒకరు భుజానికెత్తుకున్నారు. నర్సమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వాళ్ల వెంట ఎక్కింది. వాళ్లు చెట్ల మధ్య కనపడకుండా పోయేదాకా బావ స్టీరింగు వదల్లేదు.

"గీ గుట్ట మీద నా బండి వెనుకకు మళ్లుడు ఇదే మొదలు," అన్నాడు.

సాయంత్రం నర్సమ్మ దిగి వచ్చాక ఆమెను అమ్రాబాదులో దింపి, అచ్చంపేటలో చాయకు ఆపాడు. గ్లాసు పట్టుకుని, "ఆఫీసోళ్లకు నేనే చెప్త. నర్సమ్మతోని చెప్పిచ్చుడు బాగుండదు" అన్నాడు. చెప్పాడు కూడా. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, నెలాఖరు దాకా రోడ్డు పనులకు తిప్పుకున్నారు. కానీ పెంటలకు పోలేని బండితో వాళ్లకేం పని? కిరాయి వేరే బండికి పోయింది.

చాయకు నేను పైసలు ఇవ్వబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఒక్కరోజు నేనే వదిలేశాను, అతణ్నే ఇవ్వనిచ్చాను. ఆ చిన్న పని అంతకు ముందే చేయగలిగి ఉంటే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇది నా తప్పు అని గుండెలు బాదుకోను. మా నాయిన చేసిందే చేశాను, మా ఊరు చెప్పిందే చేశాను. కానీ మంచిపని చేసి నష్టం చూస్తే, చెడ్డపని చేసి చూసినదానికన్నా ఎక్కువ సలుపుతుంది. చెడ్డపనైతే ఇంకోసారి చేయనని ఒట్టు పెట్టుకోవచ్చు. మంచిపనికి ఏమని ఒట్టు పెట్టుకోవాలి?

అయినా ఒకటి మార్చుకున్నాను. ఇప్పుడు మా ఊరి అల్లుడెవరు బండి తెచ్చినా పైసలు అడిగి తీసుకుంటాను. తక్కువ కాదు, అందరి దగ్గర తీసుకున్నంతే. ముసలితనంలో పైసల పిచ్చి పట్టిందని మా ఊరివాళ్లు అంటారు. అననీ. వాళ్ల అల్లుళ్లు మటుకు బండి కుయ్యిమన్న నాడే వస్తారు.

బావ జడ్చర్ల గేటుకు చేరాడు. ఒకసారి సామాను కోసం ఆ దిక్కు పోయినప్పుడు ఆగాను. నా బండి హారను వినగానే కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడ్డాడు. ఎవరో చూసుకోకముందే లేచాడు. నన్ను చూసి నీలం అంగీ కిందికి లాక్కున్నాడు.

"మోకాళ్లెట్లున్నయి?" అన్నాను.

"లేసుడు, కూసునుడేనాయె. కసరత్తు మంచిగైతాంది."

వెనక ఇంకో కారు వచ్చింది, గేటు తీయడానికి పోయాడు.

కారు చాన్నాళ్లు గల్లీ మొగదల నిలబడింది. దాని మీద పిల్లలు వేళ్లతో పేర్లు రాసేవాళ్లు. చివరికి నల్గొండ నుంచి ఒక వ్యాపారి కొనడానికి వచ్చాడు. హైదరాబాదుకూ నల్గొండకూ మధ్య పెద్దరోడ్డు మీద తిరగడానికి కావాలన్నాడు. బావ ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చాడు. షెడ్డు ముందరే బేరం. డిక్కీ తీసి, గోనెసంచిలో చుట్టిపెట్టిన షాఫ్టు చూపించి, ఎందుకు తీశామో, పెట్టె ఎట్లా మాడిందో, టైర్లు ఎట్లా వేయాలో అంతా చెప్పాడు.

వ్యాపారి నా దిక్కు తిరిగి, "అమ్మేటోడు గిన్ని వంకలు చెప్తడా పెద్దాయనా?" అన్నాడు.

"నేనైతే ఇంకో రెండు ఎక్కువ చెప్పేటోణ్ని," అన్నాను.

"చెప్పకుంటె నువ్వు దాన్ని గుట్టకు తీస్కపోతవ్," అన్నాడు బావ. "టైరు ఒక్కటి పోయినా నాలుగు మార్చు. ఒక్కటే మార్చకు. షాఫ్టు మళ్ల ఎక్కిచ్చుకునే రోజు నీకన్న వస్తదేమో."

చెల్లె గల్లీ మొగదల నిలబడి చూసింది, రోడ్డు మీదికి రాలేదు. తాళాలు ఇచ్చేశాడు. వ్యాపారి ఎక్కి, ఇంజను స్టార్టు చేసి, చౌరస్తా దాకా మెల్లగా పోయాడు. అక్కడ దేవరకొండ మీదుగా నల్గొండకు పోయే దారి పట్టాలంటే స్టీరింగు మొత్తం తిప్పాలి. ఇద్దరం చూస్తూ నిలబడ్డాము. కారు చప్పుడు లేకుండా, ఎక్కడా గుంజకుండా మలుపు తిరిగి పోయింది.

"మంచిగ మళ్లింది," అన్నాడు బావ.

"మంచిగనే మళ్లింది."

రాత్రి డ్యూటీ ఉందని, జడ్చర్ల బస్సు ఎప్పుడుందో కనుక్కోవడానికి బస్టాండు దిక్కు నడిచాడు.